బస్తాకు రూపాయి ధర్మం

పోయినవి ముందు చెబుతాను. రెండు వాలీబాల్ నెట్లు. ఇనుప స్తంభాలు ఒక జత. ఒక యూనివర్సిటీ టోర్నమెంటు, అది ఆడి ఓడింది కాదు, అసలు వెళ్ళకుండా పోయింది. హిందూపురం చింతపండు మండీలో నేను తొమ్మిదేళ్ళు చేసిన గుమాస్తా పని. ఒక స్నేహితుడు. నెట్లకూ స్తంభాలకూ కలిపి పద్దెనిమిది వందల నలభై. నెలకు పదకొండు వందల జీతం, మళ్ళీ పని దొరికేదాకా ఏడు నెలలు, అది ఏడు వేల ఏడు వందలు. నా లెక్కల పుస్తకంలో టోర్నమెంటుకూ స్నేహితుడికీ ఎదురుగా అంకె వేయలేక గీత గీసి వదిలేశాను. లెక్కలో గీత నాకు నచ్చదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ పుస్తకం తీస్తే కుదురుగా కూర్చోలేను. లేచి రెండు సార్లు వాకిట్లోకి వెళ్ళి వస్తాను.

నేను పదో తరగతి ఇంగ్లీషులో తప్పాను. లెక్కల్లో తొంభై ఒకటి. మండీలో చేరాక పాత గుమాస్తా రాసి వదిలేసిన పద్దు పుస్తకాలను ఇంటికి తెచ్చుకుని, ఏ అంకె ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళిందో వేలు పెట్టి చూసుకుంటూ ఆ పని నేర్చుకున్నాను. ఇల్లు పెనుకొండలో. పొద్దున ప్యాసింజరుకు హిందూపురం, సాయంత్రం ప్యాసింజరుకు వెనక్కి. స్టేషను నుంచి ఇంటికి నడిచే దారిలో ఒక చిన్న డిగ్రీ కాలేజీ మైదానం ఉండేది. మూడు వందల మంది కూడా లేని కాలేజీ. దానికి ఒక వాలీబాల్ జట్టు, ఆ జట్టుకు చిరిగిన నెట్టు.

తొంభైల మొదట్లో ఒక సాయంత్రం స్కోరు చెప్పేవాడు లేడని ఎవరో నన్ను పిలిచారు. ఆ తర్వాత నాలుగేళ్ళు నేనే చెప్పాను. ముప్పై ఒక్క మ్యాచిలు, ఇరవై ఆరు ఓటములు. నేను ఎప్పుడూ బంతి ముట్టలేదు, ఆ కాలేజీలో చదవలేదు. మండీలో నేను కూడిన కూడిక సావుకారుకు తప్ప ఎవరికీ అక్కర్లేదు. ఇక్కడ మాత్రం పన్నెండు మంది తల తిప్పి నా నోటి వైపు చూసేవాళ్ళు.

జట్టును చూసుకునేది పార్ట్ టైము వ్యాయామ మాస్టరు. వాళ్ళది తరాలుగా దూది ఏకి పరుపులు కుట్టే ఇల్లు. పగలు బజారులో ఆ అంగట్లో కూర్చుని, సాయంత్రం వెంట్రుకల్లో దూది నూగుతోనే మైదానానికి వచ్చేవాడు. మాకు ఒకే వయసు. తొంభైల నడుమ ఒక వేసవిలో నా దగ్గరికి వచ్చి, వచ్చే ఏడాది యూనివర్సిటీ టోర్నమెంటుకు ఎట్లాగైనా వెళ్ళాలన్నాడు. నెట్లు, బూట్లు, ప్రయాణం, తిండి, అన్నీ కలిసి అయిదు వేల పైన కావాలి. కాలేజీ ఒక్క రూపాయి కూడా ఇవ్వలేదు.

"చందా పుస్తకం నువ్వే రాయాలప్పా," అన్నాడు. "నేను రాస్తే తినేసినాడంటారు. నువ్వు రాస్తే ఎవురూ అనుకోరు. తినేంత ధైర్యం నీకు లేదని ఊరందరికీ తెల్సు."

పుస్తకంలో మూడు గళ్ళు గీశాను: పేరు, ఊరు, రూపాయలు. కాసేపు ఆలోచించి నాలుగోది గీశాను: ఎందుకు.

"ఇదేంది?" అన్నాడు మాస్టరు.

"ఇచ్చినోడు మళ్ళా ఇస్తాడా లేదా తెలియాలంటే, ఎందుకిచ్చినాడో తెలియాల గదా."

"దుడ్లు ఇచ్చేవాణ్ణి ఎందుకిస్తాండావని అడిగితే జేబులో పెట్టుకొని పోతాడబ్బా."

అయినా గడి ఉంచాను. నాలుగు ఆదివారాలు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం తిరిగాము. ముప్పై ఎనిమిది మంది ఇచ్చారు. మొత్తం రెండు వేల నాలుగు వందల పదిహేను. నన్ను స్థిమితంగా ఉండనివ్వనిది ఆ మొత్తం కాదు. ఆ ముప్పై ఎనిమిది మందిలో మా కాలేజీలో చదివినవాళ్ళు ఆరుగురే. ఆ ఆరుగురూ కలిసి ఇచ్చింది నూట ముప్పై. మిగతా రెండు వేల రెండు వందల ఎనభై అయిదూ ఆ క్లాసుల్లో అడుగు పెట్టనివాళ్ళు ఇచ్చారు. అదీ ఎప్పుడూ ఓడిపోయే జట్టుకు. అనంతపురంలో పెద్ద కాలేజీలు ఉన్నాయి, వాటికి కప్పులు పెట్టుకునే అద్దాల బీరువాలు ఉన్నాయి. వాటికివ్వకుండా మాకెందుకు?

సోమందేపల్లి దగ్గర హైవే మీద టీ హోటలాయన రెండు వందల యాభై తీశాడు. ఓడే జట్టుకు ఇంత ఎందుకని అడిగాను.

"గెలిచినోళ్ళు జీపెక్కి కేకలేసుకుంటా పోతారు, ఈడ ఆగరు. ఓడినోళ్ళు దిగుతారు. యాడ తప్పు జరిగిందో మాట్లాడుకుంటా తలా రెండు టీలు తాగుతారు. మీరు ఓడిన దినమల్లా నాకు బేరమే కదా."

నేను నాలుగో గడిలో 'వ్యాపారం' అని రాశాను. ఆయన బల్ల తుడుస్తూ వచ్చి పుస్తకంలోకి తొంగి చూశాడు.

"కొట్టేయప్పా అది."

"మరేం రాయమంటావు?"

"ఏమీ రాయొద్దు. ఇస్తాండా, అంతే."

కొట్టేశాను. మాస్టరు బస్సు ఎక్కేదాకా నవ్వు ఆపుకొని, ఎక్కాక నవ్వాడు.

ధర్మవరంలో ఒక చేనేత ఇంటికి వెళ్ళాం. ఆయనకు యాభై ఏళ్ళు ఉంటాయి. గుంట మగ్గంలో కూర్చునే మా మాట విన్నాడు, చేయి ఆపలేదు. కాలేజీ పేరు చెప్పగానే ఆపాడు.

"మీ కాలేజీలో నేను ఒక్క దినం చదివినా," అన్నాడు.

అర్థం కాలేదు. ఆయన భార్య లోపలి నుంచి, "చదువు కాదు, దొంగతనం," అంది.

సంగతి ఏమిటంటే, పాతికేళ్ళ కిందట మా కాలేజీ జట్టులో ఒకడికి జ్వరం వస్తే, బంతి బాగా కొడతాడని ఈయన్ను ఆ పిల్లవాడి పేరుతో దింపారట. ఆ రోజు గెలిచారు కూడా.

"జనం చప్పట్లు కొట్టిరి. వాని పేరు పెట్టి కేకలేసిరి. నా పేరు ఒక్కడూ పిలవలే. పిలిస్తే దొరికిపోతాము కదా." మగ్గంలోంచి లేచి అయిదు వందలు తెచ్చాడు. ఆ ఇంట్లో అయిదు వందలంటే ఎన్ని రోజుల పనో నేను లెక్క వేశాను, బయటికి చెప్పలేదు. "ఇప్పుడు రాయప్పా. నా పేరుతోనే రాయి. దప్పాటి పెద్ద అక్షరాలతో."

ఆ నాలుగో గడిలో ఆయన చెప్పింది పట్టలేదు. 'పేరు' అని మాత్రం రాశాను.

రెండు వేల నాలుగు వందల పదిహేను ప్రయాణానికీ తిండికీ సరిపోతుంది. నెట్లకూ బూట్లకూ ఇంకా మూడు వేలు కావాలి. ఇక్కడ తప్పు నాది. ఆ ఉపాయం చెప్పింది నేనే.

మండీలో రైతు సరుకు అమ్ముడయ్యాక ఒక లెక్కచీటీ ఇస్తారు, తక్‌పట్టీ అంటారు. అందులో కమీషను, హమాలీ, కాటా కూలి పోను మిగిలింది రైతుకు. వీటితో పాటు మా అంగట్లో బస్తాకు ఒక రూపాయి 'ధర్మం' అని కోసేవాళ్ళం. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఆ డబ్బుతో మార్కెట్టు దగ్గర ఎద్దులు తాగే నీళ్ళ తొట్టి నింపించడం, పండగకు అన్నదానం చేయించడం ఆనవాయితీ. ఆ సీజనులో ధర్మం పెట్టెలో చేరింది రెండు వేల ఎనిమిది వందల అరవై. బస్తాలు అన్నే. రైతులు రెండు వందల నలభై ముగ్గురు. మూడు సార్లు సరిచూశాను, ఇంట్లో ఒక నకలు కూడా రాసుకున్నాను. తొట్టికి నీళ్ళు తోడే బోరు చెడి అప్పటికే ఏడాది. అన్నదానం ఆ ఏడు జరగలేదు. డబ్బు ఊరికే పడి ఉంది. ఊరికే పడి ఉన్న అంకె అంటే నాకు పడదు.

సావుకారుతో చెప్పాను.

"బంతాటకు ధర్మమేందప్పా?" అన్నాడు.

"పిల్లోళ్ళకే కదా సామీ."

ఆయన కాసేపు చింతగింజ ఒకటి వేళ్ళ మధ్య తిప్పాడు. "బోర్డు పెడతారా?"

"పెడతాము."

"అక్షరాలు ఎంత ఉంటాయి?"

"జానెడు."

"రెండు వేల ఎనిమిది వందలు అంటే బోర్డు మీద బాగుండదు," అని తన జేబులోంచి నూట నలభై తీసి కలిపి మూడు వేలు చేశాడు. నేను చందా పుస్తకంలో ఆయన పేరు ఎదురుగా మూడు వేలు వేసి, నాలుగో గడిలో 'ధర్మం' అని రాశాను. ఆ పేజీ చూసుకుని చక్కగా ఉందని కూడా అనుకున్నాను. ఆయన సొంతంగా ఇచ్చింది నూట నలభై అన్న సంగతి నా చేతి రాతలో ఎక్కడా లేదు.

కాలేజీలు తెరవగానే నెట్లూ స్తంభాలూ పద్దెనిమిది వందల నలభైకి, పన్నెండు జతల బూట్లు తొమ్మిది వందల అరవైకి, ఒక బంతి రెండు వందలకు కొన్నాము. మైదానం గోడ మీద బోర్డు లేచింది. జట్టు బాగుపడింది కూడా. ఆ శీతాకాలం ఏడు ఆటల్లో నాలుగు గెలిచారు. సోమందేపల్లి హోటలాయన తనకు నష్టం తెస్తున్నామని వెక్కిరించాడు. ఫిబ్రవరి ఆఖరుకు టోర్నమెంటు.

ఫిబ్రవరి మొదట్లో చింతపండు రావడం మొదలైంది. అమరాపురం వైపు నుంచి ఒక అవ్వ బండి తోలించుకుని వచ్చింది. నాలుగు చింత చెట్లున్న మనిషి. ఎద్దులు విప్పి తొట్టి దగ్గరికి తోలించింది. తొట్టిలో ఆకులు తప్ప ఏమీ లేవు. అవ్వ నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చి, వక్కాకు సంచిలోంచి పోయిన ఏటి తక్‌పట్టీ మడత విప్పింది. దాన్ని ఏడాది దాచుకుంది.

"ఏమప్పా, ఈడ ధర్మం అని ఏమో కోసినారంట గదా. మా మనవరాలు చదివి చెప్పె. అది యాడికి పోతాది?"

సావుకారు లోపల ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నేను 'మంచి పనులకే అవ్వా' అని ఊరుకోవచ్చు. మాస్టరు తర్వాత నన్ను అడిగింది కూడా అదే. కానీ లెక్క అడిగితే లెక్క చెప్పకుండా ఉండడం నాకు చేతకాదు.

"పెనుకొండలో కాలేజీ పిల్లోళ్ళ బంతాటకు పోయింది."

"నాది ఎంత?"

చూడనక్కర లేదు, గుర్తే. "పదకొండు రూపాయలు."

"అయితే ఆడ నా పేరు ఉండాదా?"

"లేదవ్వా. గోడ మీద బోర్డులో సావుకారు పేరు ఉండాది."

అవ్వ కోపపడలేదు. పదకొండు తక్కువని కాదు, ఆమె ముఖంలో ఏదో కూడిక జరుగుతోంది. "నా ఎద్దులకు నీళ్ళకని కోస్తిరి," అంది నెమ్మదిగా. "ఎద్దులు నాలుక బయటేసుకొని నిలబడుండాయి. ఆయప్ప పేరు గోడెక్కె. బాగుండాదప్పా మీ ధర్మం."

మధ్యాహ్నానికల్లా అంగడి ముందు పదిహేను మంది రైతులు. ఎవరూ అరవలేదు. ఒక్కొక్కరే పాత తక్‌పట్టీ చేతబట్టుకుని, నాది ఎంత, నాది ఎంత అని అడిగారు. సావుకారు బయటికి వచ్చి ఎవరు చెప్పారని అడిగితే అవ్వ నా వైపు చూపించింది.

"ఆయప్పే. లెక్క తెలిసినాయప్ప."

నాలుగు రోజుల్లో సరుకు పక్క అంగళ్ళకు మళ్ళింది. అయిదో రోజు సావుకారు నన్ను పిలిచాడు. "ఉపాయం నీదే, చెప్పిందీ నువ్వే. రెంటికీ నేను జీతం ఇయ్యాల్నా?" అన్నాడు. ఆ మాట సరైందే. ఆరో రోజు పెనుకొండకు ఒక లగేజీ ఆటో పంపి నెట్లూ స్తంభాలూ ఎక్కించుకుపోయాడు. బోర్డు ఆయనే పీకించాడు. బూట్లు వదిలేశాడు, తొడిగినవి కదా.

కాలేజీ ప్రిన్సిపాలుకు గొడవ తెలిసింది. తేలేదాకా మిగతా చందా కూడా కదలకూడదన్నాడు. రెండు వేల నాలుగు వందల పదిహేనూ బీరువాలో ఉండగానే టోర్నమెంటుకు పేర్లిచ్చే గడువు దాటిపోయింది. జట్టులో అయిదుగురికి అది ఆఖరు ఏడాది.

మాస్టరు ఆ సాయంత్రం ఖాళీ గుంటల దగ్గర నిలబడి ఉన్నాడు, స్తంభాలు పీకిన చోట.

"పదకొండు రూపాయలు," అన్నాడు. "నీ పదకొండు రూపాయల నిజానికి పన్నెండు మంది పిల్లోళ్ళ ఏడాది పోయిందబ్బా. అన్ని దుడ్లూ యాడినుంచో వచ్చినవే. హోటలాయన దుడ్లు యాడివి? వాటికి తక్‌పట్టీ అడిగినావా?"

"ఆయప్ప తన చేత్తో ఇచ్చినాడు మాస్టరూ. వీళ్ళకు మనం కోసినాము."

"పో, పోయి ఆ మాట నాలుగో గడిలో రాసుకో," అన్నాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు మేము మాట్లాడుకోలేదు.

ఏడు నెలలకు ధర్మవరంలో పట్టు నూలు అంగట్లో పని దొరికింది. జీతం వంద తక్కువ. ఇంట్లో నా దగ్గర ఆ నకలు ఉంది: రెండు వందల నలభై మూడు పేర్లు, ఊళ్ళు, బస్తాలు. రాత్రి పడుకునే ముందు చూడడం, పొద్దున లేవగానే చూడడం. చివరికి ఒక ఆదివారం మొదటి బస్సెక్కాను. నా జీతంలోంచి ఎవరిది వాళ్ళకు ఇచ్చేస్తే అయిపోతుందని నా లెక్క.

లేపాక్షి అవతల ఒక పల్లెలో ఒక రైతు చేతిలో తొమ్మిది రూపాయలు పెట్టాను. సంగతి చెప్పాను. ఆయన నోట్లనూ నన్నూ చూశాడు.

"ఇది ఇయ్యడానికి యాడినుంచి వస్తాండావు?"

"ధర్మవరం నుంచి."

"చార్జీ ఎంత?"

"ఇరవై రెండు."

"పోనూ రానూనా?"

"రావడానికే."

లోపలికి తిరిగి, "ఏయ్, బయటికి రా, ఇట్లాంటోణ్ణి మళ్ళా చూడవు," అని భార్యను పిలిచాడు. మజ్జిగ ఇచ్చారు. తాగుతుంటే అన్నాడు, "ఆ పొద్దు నోరు తెరిచి అడిగింటే ఇరవై ఇచ్చేవాణ్ణి గదప్పా. మా అన్న కొడుకు ఆ కాలేజీలోనే చదివె. అడక్కుండా కోస్తిరి." తొమ్మిదీ నా చేతిలో తిరిగి పెట్టాడు. "రాసుకో. ఇది ఇప్పుడు నేనిచ్చినట్టు."

బస్టాండులో కూర్చుని చందా పుస్తకం తీసి, ఆయన పేరు, ఊరు, తొమ్మిది రాశాను. నాలుగో గడి దగ్గర ఆగాను. చివరికి 'అడిగినాము కాబట్టి' అని రాశాను.

అట్లా దాదాపు ఎనిమిదేళ్ళు తిరిగాను, సీజనులో ఎక్కువ, వానల్లో తక్కువ. కొందరు డబ్బు తీసుకుని తలుపు వేశారు. ఒకాయన ఏడు రూపాయలు రెండు సార్లు ఎంచి, వడ్డీ ఏదన్నాడు. యాభై ఎనిమిది మంది తీసుకున్నారు, ఆరు వందల నలభై మూడు. నూట పన్నెండు మంది జట్టుకే రాసుకోమన్నారు, పద్నాలుగు వందల యాభై. ఆ ఆరు వందల నలభై మూడు ఇవ్వడానికి బస్సు చార్జీలకు నాకు రెండు వేల రెండు వందల పద్దెనిమిది అయింది. మా ఇంట్లో ఈ రెండు అంకెలనూ ఒకే వాక్యంలో చెప్పి నవ్వుతారు. నాకూ నవ్వు వస్తుంది, కాని లేచి వాకిట్లోకి వెళతాను.

కాలేజీకి వెళ్ళి ఆ పద్నాలుగు వందల యాభై జట్టుకు కట్టి, ఆ నూట పన్నెండు పేర్లూ బోర్డు మీద రాయించమని అడిగాను. అప్పటికి ప్రిన్సిపాలు వేరే, వ్యాయామ మాస్టరు వేరే. బోర్డు రాసేవాణ్ణి కనుక్కుంటే పేరుకు పదిహేను చొప్పున పదహారు వందల ఎనభై అవుతుందన్నాడు. వాళ్ళిచ్చింది పద్నాలుగు వందల యాభై. 'రైతులు' అని ఒక్క మాట రాస్తే చాలదా అని ప్రిన్సిపాలు అడిగాడు. చాలదన్నాను. బేరమాడి బేరమాడి ఒకదానికి ఒప్పుకున్నారు: ఆ ఏడు మొదటి మ్యాచికి ముందు మైకులో చదువుతాను.

అది రెండు వేల అయిదో ఆరో సంవత్సరం. ధర్మవరం మగ్గమాయన పేరుతో మొదలుపెట్టాను. ఆయన వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. పేరు పిలిచినప్పుడు చేయి ఎత్తలేదు, తువ్వాలు భుజం మార్చుకున్నాడు. రైతులు ఇరవై మందికి పైగా వచ్చారు. తమ పేరు వచ్చేదాకా నిలబడి, వచ్చాక కొందరు వెళ్ళిపోయారు, కొందరు మ్యాచికి ఉండిపోయారు. పన్నెండు నిమిషాలు పట్టింది. కుర్రాళ్ళు బంతి చంకలో పెట్టుకుని అంతసేపూ నిలబడ్డారు. ఆ తర్వాత రెండు సెట్లూ ఓడిపోయారు.

మర్నాడు బజారులో పరుపుల అంగడి ముందు నుంచి పోతున్నాను. పాత మాస్టరు దూది లోంచి తల ఎత్తకుండానే అడిగాడు.

"ఎంతసేపు పట్టెనంట?"

"పన్నెండు నిముషాలు."

"ఆ టోర్నమెంటుకు పోయింటే, మనోళ్ళు మొదటి సెట్టు అంతసేపు కూడా నిలబడేవాళ్ళు కాదులే," అన్నాడు. ఆయన సూదికి దారం ఎక్కించుకుంటున్నాడు. అది క్షమించడమో వెక్కిరించడమో తెలియక నడిచేశాను. పుస్తకంలో స్నేహితుడి ఎదురుగా ఉన్న గీత అట్లాగే ఉంచాను.

అవ్వ దగ్గరికి రెండు సార్లు వెళ్ళాను. మొదటిసారి పదకొండు రూపాయలు చాపితే చేతులు కొంగులో దాచుకుంది. జట్టుకు రాసుకోమంటావా అని అడిగాను.

"వద్దు. బంతాటకు ఇయ్యాలంటే నేనే వచ్చి ఇస్తా. ఇది అది కాదు. ఇది ఎద్దుల నీళ్ళకు కోసిన దుడ్లు. ఆ తొట్టిలో నీళ్ళు పోసి నాకు చెప్పు. అప్పుడు చెల్లు."

మైకులో చదివిన ఏడాది మళ్ళీ వెళ్ళి, పేర్లు చదివామని చెప్పాను. "నాది చదివినావా?" అంది. లేదన్నాను. "సరిగా చేసినావు," అంది. "తొట్టి?"

ఆమె దగ్గరి నుంచి నేరుగా హిందూపురం వెళ్ళాను. బోరు బాగు చేయించడానికి ఎంతవుతుందో కనుక్కుందామని. తొట్టి ఉన్న చోట సిమెంటు వేసి ఉంది. లారీలూ ఆటోలూ నిలుపుతున్నారు. ఎద్దుల బండ్లు రావడం మానేసి అప్పటికి మూడేళ్ళట. అక్కడే ఒక హమాలీని, తొట్టి ఎక్కడికి పోయిందని అడిగితే, "ఎవురికోసమప్పా?" అన్నాడు.

రెండు వందల నలభై ముగ్గురిలో నాకు దొరకనివాళ్ళు డెబ్బై ఇద్దరు. కొందరు బెంగళూరు వైపు కూలికి పోయారు, కొందరు చనిపోయారు, కొందరి ఊరి పేరు నేనే తప్పు రాసుకున్నాను. వాళ్ళవి ఏడు వందల యాభై ఆరు రూపాయలు. అవ్వవి పదకొండు.

ఈ రోజుకు ఇవ్వవలసింది: ఏడు వందల అరవై ఏడు రూపాయలు.